నర్సమ్మ గాజుతొట్టికి హీటరు

జమ్మలమడుగు హైస్కూల్లో సైన్సు గది అటెండరు దేవరాజు నిలబడి నిద్రపోగలడని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. అందులో అబద్ధమేమీ లేదు. అయ్యవారు అడిగిన సామాను అందించి, ఆయన బీరువాకు ఆనుకునేవాడు. ఆనుకున్నాక మళ్ళీ పిలిచేదాకా ఈ లోకంలో ఉండేవాడు కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఒక్క గాజు గొట్టం పగలగొట్టని మనిషి ఆ ఒక్క ఏడాదిలోనే నాలుగు పగలగొట్టాడు. హెడ్మాస్టరు గురురాజారావు గదిలోకి పిలిపించి, "ఏమప్పా, తాగేది గీగేది మొదలుపెట్టినావా ఏంది?" అని అడిగాడు.

"లేదు సార్. నిద్ర సాలక."

తాగినా బాగుండేది, కనీసం నిద్రన్నా పట్టేది అనుకుంటూ దేవరాజు బయటికొచ్చాడు.

ఆయన భార్య దీవెనమ్మ మిషన్ ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. పెద్దముడియం నుంచి ఇటు ప్రొద్దుటూరు దాకా ఆమె చేతిలో పడి కేరుమన్న పిల్లలు ఎంతమందో ఆమెకే తెలియదు. ఊళ్ళో అందరికీ ఆమె నర్సమ్మ. ఒకనాటి పొద్దున వార్డులో అప్పుడే పుట్టిన బిడ్డను తుడుస్తూ ఉండగా పక్షవాతం వచ్చింది. బిడ్డను పక్కనున్న ఆయా చేతిలో పెట్టిన తర్వాతే పడిపోయిందని ఇప్పటికీ చెబుతారు. అప్పటి నుంచి కుడి కాలు, కుడి చెయ్యి ఆమెవి కాకుండా పోయాయి. నాలుక మొద్దుబారింది. ఒక్కో మాటను నోట్లో తిప్పి తిప్పి బయటికి తొయ్యాల్సి వచ్చేది. ఎడమ చెయ్యి ఒక్కటే మిగిలింది. సంగటి ముద్ద ఆ చేత్తోనే తినేది, తల ఆ చేత్తోనే దువ్వుకునేది. ఎవరన్నా తినిపించబోతే చెంచా లాక్కునేది.

మొదటి ఏడాదంతా ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. గోడ వైపు నుంచే "మేరీ నాయనా" అని పిలిచేది. మేరీ వాళ్ళ ఒక్కగానొక్క బిడ్డ, పులివెందులలో టీచరు. నీళ్ళు కావాలన్నా మేరీ నాయనా, పక్కకు తిప్పాలన్నా మేరీ నాయనా, ఈగ వాలినా మేరీ నాయనా. ఒక్కోసారి ఏమీ అక్కర్లేకపోయినా పిలిచేది. ఆయన లేచి వచ్చి నిలబడితే ఆమె ఏమీ అనేది కాదు. ఉన్నాడో లేడో చూసుకోవడానికి పిలిచేదని ఆయనకు తెలుసు. తెలిసినంత మాత్రాన కునుకు తిరిగి రాదు కదా. రాత్రికి ఐదుసార్లు, ఆరుసార్లు లేచేవాడు. పొద్దున్నే బడికి పోయి బీరువాకు ఆనుకునేవాడు.

అలాంటి ఇంట్లోకి చేపలు వచ్చాయి. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ ఒకామె తన దేశానికి వెళ్ళిపోతూ, మద్రాసు నుంచి తెచ్చి పెంచుకున్న గాజుతొట్టిని తన పాత నర్సుకు ఇచ్చిపోయింది. ఒక కిరసనాయిలు డబ్బాకు సరిపడా నీళ్ళు పట్టే చిన్న తొట్టి. అందులో చిటికెన వేలి గోరంత చేపలు డజను. గప్పీలంటారట. మగవాటికి రంగురంగుల తోకలు. ఆడవి సాదాగా ఉంటాయి గానీ, గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. ఆ సంగతి చెప్పగానే దీవెనమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

పొరుగింటి మంగమ్మకు ఇదంతా నచ్చలేదు. "మనుసులకే గతి లేదంటే చేపలకు సాకిరా అప్పా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంది. దేవరాజు నవ్వి తొట్టిలో నీళ్ళు మార్చాడు. చేపలు ఈదుతున్నంతసేపు దీవెనమ్మ వాటినే చూసేది. ఏది కడుపుతో ఉంది, ఎన్ని రోజులకు కంటుంది అని లెక్కలు వేసుకునేది. రెండు గంటలు, మూడు గంటలు పిలిచేది కాదు. ఆ మూడు గంటలు దేవరాజు పడుకునేవాడు. ఇంత సూటిగా చెప్పుకుంటే బాగుండదు గానీ, ఆయనకు చేపల మీద పుట్టిన ప్రేమ అదే.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఐదారేళ్ళకు ఒక డిసెంబరులో, తూర్పున సముద్రంలో వాయుగుండం పుట్టి ఈ సీమంతా ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎండ పొడ లేదు. బడి నుంచి ఉష్ణమాపకం తెచ్చి తొట్టిలో పెడితే అరవై నాలుగు ఫారన్‌హీట్ డిగ్రీలు చూపించింది. డాక్టరమ్మ ఇచ్చిన కాగితంలో డెబ్బై ఐదుకు తగ్గకూడదని రాసి ఉంది. మొదటిరోజు రెండు చేపలు వెల్లకిలా తేలాయి, రెండోరోజు మూడు. మిగిలిన ఏడింటిలో ఒకటి చూలుతో ఉంది. దీవెనమ్మ మళ్ళీ గోడ వైపు తిరిగింది. ఆ రాత్రి దేవరాజు తొమ్మిదిసార్లు లేచాడు.

మర్నాడు బడికి సెలవు పెట్టి ప్రొద్దుటూరు బస్సుకు బయలుదేరబోతుంటే ఆమె వెనక్కి పిలిచింది.

"చిన్నవి," అంది. కాసేపు నోరు కూడదీసుకుని, "రెండు," అంది.

"సరేలే, చూస్తా," అని ఆయన చెప్పులు వేసుకున్నాడు. ఏం చిన్నవో, ఏం రెండో అడగాలంటే ఆ జవాబు వచ్చేదాకా నిలబడాలి. నిలబడే ఓపిక ఆయనకు లేదు.

ప్రొద్దుటూరులో రేడియోలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసే కమాల్ బాషా అంగడి ఉంది. కమాల్ బాషా ఏడో నెలలోనే పుట్టినవాడు. వాళ్ళమ్మ మైమూన్ బిడ్డ మీద ఆశ వదులుకున్న సమయంలో, దీవెనమ్మ వాణ్ణి దూదిలో చుట్టి, అటొక సీసా ఇటొక సీసా వెచ్చని నీళ్ళు పెట్టి, నెల రోజులు కాపాడింది. ఆ పిడికెడు బిడ్డ ఇప్పుడు బుర్రమీసాలు పెంచి కూర్చున్నాడు. నర్సమ్మ చేపలకు హీటరు కావాలనగానే చేతిలో పని పక్కన పెట్టేశాడు.

మొదట ఒక విదేశీ సరుకు చూపించాడు. సన్నటి గాజు గొట్టంలో అందంగా ఉంది. నీళ్ళు వేడెక్కితే తనంతట తానే ఆరిపోతుందట, చల్లబడితే తనంతట తానే వెలుగుతుందట.

"ఇదే ఇయ్యి," అన్నాడు దేవరాజు.

"ఇయ్యను మామా. లోపల రెండు రేకు ముక్కలుంటాయి. మన కరెంటు సంగతి తెలుసు గదా, ఒకపొద్దు ఉంటాది, ఒకపొద్దు ఉండదు. నిప్పురవ్వలు లేసి లేసి ఆ ముక్కలు అతుక్కుపోతాయి. అతుక్కుంటే ఇంక ఆరేది లేదు. నువ్వు చింతపండు నానబెట్టుకోవల్ల, చేపల పులుసుకు!"

తర్వాత తన చేత్తో చేసినవి రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. మందపాటి గాజు గొట్టం, లోపల తీగచుట్ట, చుట్టూ సన్న ఇసుక, పైన లక్కతో మూత. ఒక రకం చిన్నది, ఒక రకం పెద్దది.

"చిన్నవి రెండు తీసుకో మామా. ఒగటి పోయినా ఇంగోటుంటాది. రెండిట్లో ఏ ఒగటీ చేపను సంపేంత మొగోడు గాదు. నన్నట్లే గదా బతికించింది అమ్మ, రెండు సీసాలు పెట్టి."

నర్సమ్మ పొద్దున చెప్పిన మాట అప్పుడు అర్థమైంది దేవరాజుకు. అర్థమైనా ఆయన పెద్దదాని వైపే చూశాడు. రెండంటే రెండు తీగలు, రెండు ప్లగ్గులు. ఏది ఆరిందో, ఏది వెలుగుతోందో లేచి చూడాలి. ఇంకో రెండు ప్రాణాల్ని చూసుకున్నట్టు ఉంటుంది. ఆయనకు కావలసింది పెట్టి మరిచిపోయే వస్తువు.

"పెద్దది ఒగటి పెడితే సాలదా?"

"సాలుతుంది. ఇంగా ఎక్కువే. అందుకే వద్దంటాండా."

"నాకు అల్లాడ శక్తి లేదు కమాలూ. పెద్దదే ఇయ్యి."

కమాల్ బాషా ఆయన ముఖం చూసి పెద్దదాన్ని కాగితంలో చుట్టాడు. "అట్లయితే ఆరు దినాలు ఉష్ణమాపకం పెట్టి చూసుకో. వేడి ఎక్కువైతే గొట్టం కొంచెం పైకి లాగి కట్టు, తక్కువైతే దించు. సరిగా కుదిరిందాక ఇల్లు వదిలిపెట్టబాక," అన్నాడు.

ఈ పని మాత్రం దేవరాజు బడికి సెలవు పొడిగించి మరీ శ్రద్ధగా చేశాడు. కొలిచి రాయడం ఆయన రక్తంలో ఉంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూసి, సుద్దముక్కతో గోడ మీద రాశాడు. మొదటిరోజు ఎనభై నాలుగు వచ్చింది. గొట్టం రెండు వేళ్ళు పైకి లాగి కట్టాడు. రెండోరోజు నుంచి డెబ్బై ఎనిమిది, డెబ్బై తొమ్మిది. పగలంతా తీయకుండా వదిలినా ఎనభై దాటలేదు. చేపలు తిరగడం మొదలుపెట్టాయి. దీవెనమ్మ ఇటు తిరిగింది. పెద్ద గొట్టం చూసి మొదటిరోజు ముఖం ముడుచుకుంది గానీ, గోడ మీది అంకెలు చూశాక తలూపింది. ఆరో రోజు దేవరాజు ఏకబిగిన నాలుగు గంటలు పడుకున్నాడు. లేచాక, ఇంత సుఖం మరిచిపోయానే అని ఏడుపొచ్చింది ఆయనకు.

ఏడో రోజు పులివెందులకు బయలుదేరాడు. మేరీకి బిడ్డ పుట్టి ఎనిమిది నెలలైనా తాత ముఖం చూపించలేదు. తొలి బస్సుకు పోయి, మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చేస్తే సరి. ముసురు ఇంకా విడవలేదు కాబట్టి హీటరు అలాగే ఉంచాడు. మంచం పక్క కుండ నిండా నీళ్ళు పెట్టి, మధ్యాహ్నం గంజి ఇమ్మని మంగమ్మకు చెప్పాడు.

"అమాస పొద్దు యాడికి పోతావప్పా? రేపు పోరాదా?" అంది మంగమ్మ.

"మాకు అమాసలూ పున్నాలూ లేవులేమ్మా," అని దేవరాజు బస్టాండుకు నడిచాడు.

వాళ్ళకు లేవన్న మాట నిజమే. దేవరాజుకు తెలిసింది ఆదివారం, కమాల్ బాషాకు తెలిసింది శుక్రవారం. అమావాస్యను లెక్కపెట్టేవాళ్ళు వీధి చివర పత్తి మిల్లులో ఉన్నారు. పత్తి రోజుల్లో ఆ మిల్లు రాత్రింబగళ్ళు ఆడుతుంది. అది ఆడుతున్నంతసేపు వీధిలో కరెంటంతా అదే పీల్చుకుంటుంది, ఇళ్ళలో దీపాలు ఎర్రగా, గుడ్డిగా వెలుగుతాయి. అమావాస్యనాడు మాత్రం మిషన్లు కడిగి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, మర్నాటిదాకా ఎవ్వరూ వాటిని తాకరు. దేవరాజు ఆరు రోజులు కొలిచిన వేడి, మిల్లు ఆడుతున్న ఆరు రోజుల వేడి.

పులివెందులలో మనవణ్ణి ఎత్తుకున్నాడు. వాడు తాత మీసం పీకాడు. మేరీ వేడివేడి అన్నంలో నెయ్యి వేసి పెట్టింది. తిన్నాక, బస్సుకు ఇంకా గంట ఉంది కదా అని వసారాలో చాప మీద నడుం వాల్చాడు. వాల్చడమే ఆయనకు గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి పొద్దు వాలుతోంది, పక్కనే మేరీ విసనకర్రతో దోమలు తోలుతోంది.

"లేపలేదేం మే?"

"ఎట్ల లేపేది నాయనా? నీ ముఖం చూస్తే నాకు మనసొప్పలే."

 సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎంత హాయిగా నిద్రపోయానో అనుకున్నాడు. ఆ వెంటనే, దీవెనమ్మ ఎన్నిసార్లు పిలిచి ఉంటుందో అనుకున్నాడు.

జమ్మలమడుగులో దిగి వీధి మలుపు తిరిగేసరికి ఆగిపోయాడు. మిల్లు చప్పుడు లేదు. వీధి దీపాలు తెల్లగా, పాలు పోసినట్టు వెలుగుతున్నాయి. ఆ తెలుపు ఆయన అంతకుముందు ఎన్నోసార్లు చూశాడు, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు తెలిసింది, మిల్లు ఆగితే కరెంటంతా ఇళ్ళకే, తన హీటరుకే అని. యాభై ఐదేళ్ళ మనిషి ఆ వీధిలో పరుగెత్తాడు.

ఆయన ఇంట్లో మాత్రం చీకటి. ఫ్యూజు పోయింది. లోపల మంగమ్మ లాంతరు పట్టుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. తానూ అప్పుడే వచ్చానని చెప్పింది. మధ్యాహ్నం గంజి ఇచ్చి, శివాలయానికి పోయి, అక్కడే కూర్చుండిపోయిందట.

దీవెనమ్మ మంచం మీద లేదు. నేల మీద, నీళ్ళల్లో ఉంది.

తొట్టి ఆమెకు కుడివైపు, పొట్టి పీట మీద ఉంటుంది. మూడేళ్ళుగా కదలని కుడివైపు. చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరవడం చూసింది ఆమె. పిలిచింది. ఎవరూ పలకలేదు. అప్పుడు చచ్చుబడ్డ పక్క మీదుగా ఎడమ చేత్తో అందుకోబోయి, అందుకోబోయి, మంచం మీద నుంచి దొర్లి పడింది. గోడకున్న ప్లగ్గు ఆమెకు అందేది కాదు. అందింది గాజు గొట్టం ఒక్కటే. కాలుతున్న గొట్టాన్ని అరచేత్తో పట్టి పైకి లాగి నేలకేసి కొట్టింది. అది పగిలి ఫ్యూజు పోయింది. ఆ తర్వాత కుండలోని చల్లనీళ్ళు, ఒక్కసారిగా పోస్తే చేపలు తట్టుకోలేవని, చెంబుతో కొంచెం కొంచెంగా తొట్టిలో పోసింది. కాలిన చేత్తోనే. అది కాక ఆమెకు వేరే చెయ్యి లేదు.

దేవరాజు ఆమెను ఎత్తబోతే ఆమె ఒప్పుకోలేదు. తొట్టి వైపు గడ్డం చూపించింది.

"పెద్దవి... తీసెయ్."

"ముందు నీ చెయ్యి చూడనియ్యి."

"తీసెయ్! తింటాయి."

లాంతరు దగ్గరికి పెట్టి చూశాడు. ఏడింటిలో నాలుగు చచ్చి తేలుతున్నాయి. చూలు చేప అడుగున ఒరిగి ఊపిరి తీస్తోంది. ఆ వేడికి నెలలు నిండకుండానే కనేసింది. తొట్టి మూలల్లో ఆవగింజకు కళ్ళు పెట్టినట్టు పిల్లలు. బతికున్న పెద్ద చేపలు పిల్లల్ని తినకుండా వాటిని గిన్నెలోకి తీసేదాకా ఆమె మంచం ఎక్కలేదు.

ఆసుపత్రిలో అరచేతికి మందు వేసి మణికట్టు దాకా కట్టు కట్టారు. నెల రోజులు తడి తగలకూడదు, మడవకూడదు. ఇక ఆమె తినడానికి, తాగడానికి, తల దువ్వుకోవడానికి దేవరాజు చేతులే గతి. పని తగ్గుతుందని పెద్ద హీటరు కొన్న మనిషికి ఉన్న పని రెండింతలైంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు అయింది ఆయన బతుకు. అమావాస్య ప్రయాణం మంచిది కాదని చెప్పలేదా అని మంగమ్మ వీధంతా చెప్పుకుంది. 

కమాల్ బాషా కబురు తెలిసి మూడోరోజు తానే వచ్చాడు. నర్సమ్మ కట్టు చూసి కళ్ళు తుడుచుకున్నాడు. "అమాస సంగతి నాకు తట్టల్ల గదా మామా! మా వీధిలోనూ మిల్లుండాది," అని తలకొట్టుకున్నాడు. తెచ్చిన రెండు చిన్న హీటర్లు తొట్టికి అటొకటి ఇటొకటి కట్టాడు. రెండిటికీ రెండు స్విచ్చులు నర్సమ్మ తలాపు దగ్గర, మోచెయ్యి ఆనిస్తే ఆరిపోయేలా పెట్టాడు. మిల్లు ఆడినా, ఆడకపోయినా, ఆ రెండూ కలిసి నీళ్ళని గోరువెచ్చగా ఉంచుతాయే తప్ప మరిగించలేవు. ఒకటి మాడిపోయినా రెండోది తెల్లారేదాకా ప్రాణం నిలుపుతుంది.

అతను వెళ్ళాక దేవరాజు సంగటి మెత్తగా పిసికి, ఉలవచారులో ముంచి, ఆమె నోటికి అందించాడు. ఇదివరకు చెంచా లాక్కునే మనిషి, ఇప్పుడు బిడ్డలాగా నోరు తెరిచింది. చూపు మాత్రం తొట్టి మీదే ఉంది.

ఆయనకు ఉండబట్టలేదు. "ఆపొద్దు నేను నిద్రపోయినా దీవెనా," అన్నాడు. "బస్సు తప్పిందని నీకు అబద్ధం చెప్పినా. మేరీ వాళ్ళింట్లో పండుకుని నిద్రపోయినా. నువ్వు కింద పడి పిలుస్తాంటే నేను ఆడ..."

 ముద్ద చేతిలో పట్టుకుని ఏడ్చాడు. మూడేళ్ళలో ఆమె ముందు ఏడవడం అదే మొదలు.

ఆమె చాలాసేపు ఆయన్ని చూసింది. కాన్పుల వార్డులో గోడకు ఆనుకుని జోగే మొగుళ్ళను అలాగే చూసేది ఒకప్పుడు.

"పదిహేడు," అంది తొట్టి వైపు చూస్తూ. "అన్నీ... బతికినాయి." మాటను నోట్లో కూడదీసుకుంది. "పో. పండుకో పో. డ్యూటీ... నాది."

బయట ఇంకా పట్టపగలే. మిల్లు ఆడుతోంది. దేవరాజు చెయ్యి కడుక్కుని, ఆమె మంచం పక్కనే చాప పరుచుకుని పడుకున్నాడు. పొద్దు గూకేదాకా ఆమె ఒక్కసారి కూడా పిలవలేదు.